రత్నమాల నుంచి సజీవ చరిత్ర దాకా: స్త్రీల చరిత్ర బోధన – మక్తల్ వైపు నుంచి ఒక పరిశీలన

భండారు అచ్చమాంబ (1874–1905) ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ను మూడు భాగాలుగా తలపెట్టారు. మొదటి భాగంలో భారతదేశ చరిత్రలోని స్త్రీలు, రెండవ భాగంలో వేద పురాణ బౌద్ధ వాఙ్మయాలలోని స్త్రీలు, మూడవ భాగంలో విదేశీ స్త్రీలు అన్నది ఆమె ప్రణాళిక. మొదటి భాగం 1901లో వెలువడింది. 1905లో ఆమె మరణంతో మూడవ భాగం సంకల్పంగానే మిగిలిపోయింది. తెలుగు సాహిత్య చరిత్రలు ఈ లోటును ఒక వాక్యంలో చెప్పి ముందుకు సాగుతాయి. అయితే స్త్రీల చరిత్రను తరగతి గదిలో ఏ పద్ధతిలో బోధించాలన్న ప్రశ్న వచ్చినప్పుడు, ఆ రాయని భాగమే ఎక్కువ ఆలోచింపజేస్తుంది. పరదేశపు స్త్రీల జీవితాలను ఒక తెలుగు స్త్రీ ఏ క్రమంలో పేర్చి ఉండేవారు? వారిలో ఎవరిని రత్నాలుగా ఎంచుకుని ఉండేవారు? ఎవరిని మాల వెలుపల ఉంచి ఉండేవారు?

ఆధునిక కాలంలో స్త్రీల చరిత్రను ప్రత్యేక బోధనాంశంగా నిలబెట్టడంలో అమెరికా విశ్వవిద్యాలయాల అనుభవం ప్రధానమైనది. ఆ అనుభవాన్ని తెలుగు స్త్రీల చరిత్ర రచనల పక్కన పెట్టి, రెండింటినీ దక్షిణ తెలంగాణ మెట్టప్రాంతమైన పాలమూరు వైపు నుంచి, అందులోనూ కన్నడ సరిహద్దున ఉన్న మక్తల్ వైపు నుంచి చదవడం ఈ వ్యాస లక్ష్యం. మక్తల్‌ను ఎంచుకోవడానికి కారణం అక్కడ పేరొందిన చరిత్ర నాయికలు ఉన్నారని కాదు. ప్రసిద్ధ నాయికల పట్టికలో ఆ ఊరి పేరు కనిపించకపోవడమే అసలు కారణం.

మాల కట్టే పద్ధతి

అచ్చమాంబ గ్రంథానికి పూర్వరంగంగా ఒక వాదం ఉంది. స్త్రీలు స్వభావతః బలహీనులనీ, అవివేకులనీ, చదువూ స్వేచ్ఛా ఇస్తే చెడిపోతారనీ ఆనాటి పండిత లోకంలో గట్టిగా వినిపించిన మాటలకు ఆమె ఉదాహరణలతో జవాబు చెప్పదలచారు. తోటి స్త్రీలకు ఆదర్శాలను చూపడం మరొక ప్రయోజనం. ఈ దృష్టితో చూస్తే ‘రత్నమాల’ చరిత్ర గ్రంథం కావడానికి ముందే ఒక వాద గ్రంథం. ప్రతి జీవితచరిత్రా ఒక సాక్ష్యం. ఒక్కొక్క సాక్షినీ ప్రవేశపెట్టి ప్రతివాది నోరు మూయించడం దాని నిర్మాణ సూత్రం. శీర్షికలోని ‘అబలా’ శబ్దాన్ని గ్రంథం లోపలి ప్రతి పుటా ఖండిస్తూ పోతుంది. ఆ వ్యంగ్యం ఆమె ఉద్దేశించినదే అనిపిస్తుంది.

తర్కబలం ఎక్కడుందో దాని పరిమితీ అక్కడే ఉంది. సాక్షిగా నిలబడాలంటే ఆ స్త్రీ అసాధారణురాలై ఉండాలి. రాణి, కవయిత్రి, విదుషి, వీరవనిత – వీరు మాలలో ఇముడుతారు. రాణి గుర్రానికి గడ్డి కోసిన స్త్రీ ఇమడదు. అచ్చమాంబకు ఈ సంగతి తెలియదనుకోవడం పొరపాటు. 1902లో ఆమె రాసిన ‘ధనత్రయోదశి’ కథలో నాయిక ఒక పేద కుటుంబపు ఇల్లాలు. కథకురాలిగా సామాన్య స్త్రీని చూడగలిగిన రచయిత్రి, చరిత్రకారిణిగా అసామాన్యలనే ఏరుకోవలసి వచ్చింది. ఆ ప్రక్రియ స్వభావం అటువంటిది.

ఈ పద్ధతి తెలుగుకు ప్రత్యేకమైనది కాదు. అమెరికాలో సారా జోసెఫా హేల్ 1853లో ‘ఉమన్స్ రికార్డ్’ అనే బృహద్గ్రంథాన్ని ప్రకటించారు. సృష్ట్యాది నుంచి తన కాలం వరకు పేరొందిన స్త్రీల జీవితాలను అందులో సంకలనం చేశారు. 1848లో సెనెకా ఫాల్స్ సభతో మొదలైన హక్కుల ఉద్యమం తన చరిత్రను తానే రాసుకుంది. ఎలిజబెత్ కేడీ స్టాంటన్, సూసన్ బి. ఆంథొనీ, మటిల్డా జోస్లిన్ గేజ్ సంపాదకత్వంలో ఓటు హక్కు ఉద్యమ చరిత్ర మొదటి సంపుటం 1881లో వచ్చింది. అచ్చమాంబకు మరాఠీ బాగా తెలుసు. ఉద్యోగరీత్యా భర్త మధ్యపరగణాలలో ఉండడం వల్ల ఆ సాహిత్య వాతావరణానికి ఆమె దగ్గరగా మెలిగారు. పండిత రమాబాయి అమెరికాలో పర్యటించి, అక్కడి సమాజాన్నీ స్త్రీల స్థితినీ వివరిస్తూ 1889లో మరాఠీలో గ్రంథం రాశారు. ఫిలడెల్ఫియాలో వైద్యవిద్య చదివి 1886లో పట్టం పొందిన ఆనందీబాయి జోషి జీవితాన్ని కాశీబాయి కానిట్కర్ మరాఠీలోనే గ్రంథస్థం చేశారు. కనుక మూడవ భాగం పుట్టి ఉంటే అందులో అమెరికా మరాఠీ మార్గంలో తెలుగులోకి వచ్చి ఉండేదని ఊహించడం అసమంజసం కాదు.

గెర్డా లెర్నర్ వేసిన ప్రశ్న

వియన్నాలో పుట్టి 1939లో శరణార్థిగా అమెరికా చేరిన గెర్డా లెర్నర్, నడివయసులో తిరిగి చదువు మొదలుపెట్టి, 1963లో ఇంకా విద్యార్థినిగా ఉండగానే న్యూయార్క్‌లోని న్యూ స్కూల్‌లో స్త్రీల చరిత్రపై పాఠ్యక్రమం బోధించారు. దాని పేరు ‘అమెరికా చరిత్రలో మహనీయ స్త్రీలు’. పేరును బట్టి అదీ ఒక రత్నమాలే. పన్నెండేళ్ళ తర్వాత, 1975లో, ఆమె ఆ పేరులోని ఆలోచననే ప్రశ్నించారు. చరిత్రలో స్త్రీలు లేరన్న లోటును పూడ్చడానికి గొప్పవారిని వెతికి చేర్చడం మొదటి మెట్టు అన్నారు. పురుషులు నడిపిన ఉద్యమాలలో స్త్రీలు అందించిన సహకారాన్ని లెక్కించడం రెండవ మెట్టు. ఈ రెండు మెట్ల మీదా కొలబద్ద పురుషుల చరిత్రదే. స్త్రీలు తమ బతుకును తాము ఎలా అనుభవించారు, కాలవిభజన వారి వైపు నుంచి చూస్తే మారుతుందా అన్న ప్రశ్నలు ఆ తర్వాతే పుడతాయి. 1972లో సారా లారెన్స్ కళాశాలలో ఆమె ప్రారంభించిన స్నాతకోత్తర శాఖ ఈ ప్రశ్నలతో నడిచింది. అదే ఏడు శ్వేత అమెరికాలోని నల్లజాతి స్త్రీల లిఖిత సాక్ష్యాలను సంకలనం చేసి ఆమె ప్రచురించారు. తమ జాతి స్త్రీల చరిత్రే స్త్రీల చరిత్ర అనుకునే శ్వేత స్త్రీల అలవాటుకు అది పెద్ద దెబ్బ.

అమెరికాలో ఈ చరిత్ర బడులకు చేరిన తీరు కూడా గమనించదగినది. 1978లో కాలిఫోర్నియాలోని సొనోమా కౌంటీలో ఒక వారం పాటు స్త్రీల చరిత్ర ఉత్సవం జరిపారు. 1980లో అధ్యక్షుడు కార్టర్ ప్రకటనతో అది జాతీయ వారమైంది, 1987లో శాసనసభ నిర్ణయంతో మార్చి నెల మొత్తమైంది. నెల దొరికిన తర్వాత జరిగేదేమిటో ఏ బడినైనా చూసి చెప్పవచ్చు. గోడకు బొమ్మలు, పేర్ల పోటీ, వ్యాసరచన. పండగ వచ్చిన ప్రతిసారీ చరిత్ర మళ్ళీ మొదటి మెట్టు మీదికే దిగుతుంది. మన కళాశాలల్లో మార్చి 8న జరిగే సభల గతి కూడా అదే.

తెలుగు విమర్శలో మొదటి మెట్టు ఎంత బలంగా పాతుకుపోయిందో చూడడానికి పాలమూరే చాలు. తొలి తెలుగు కవయిత్రి ఎవరన్న చర్చలో తాళ్ళపాక తిమ్మక్క, మొల్ల పేర్లకు ముందు కుప్పాంబిక పేరు చేర్చాలన్న వాదం ఉంది. వర్ధమానపుర పాలకుడు గోన బుద్ధారెడ్డి కుమార్తె కుప్పాంబిక. 13వ శతాబ్దిలో, భర్త మల్యాల గుండదండనాథుని పేరిట ఆమె దేవాలయ ప్రతిష్ఠ చేసిన సంగతి బూదపురం శాసనం వల్ల తెలుస్తుంది. ఈ వాదం పాలమూరు సాహిత్యాభిమానులకు ప్రీతికరమైనది. జిల్లా గౌరవానికి సంబంధించినది కూడా. కానీ చర్చ అంతా ‘తొలి’ అన్న విశేషణం చుట్టూనే తిరిగింది. ఒక సామంత కుటుంబపు వితంతువుకు భూమి మీదా ధనం మీదా ఎంత అధికారం ఉంటే అటువంటి ప్రతిష్ఠ సాధ్యమవుతుంది అన్న ప్రశ్న దానికంటె ఫలవంతమైనది. శాసనాన్ని తరగతిలో చదివించేటప్పుడు అడగవలసింది ఆ ప్రశ్నే. తొలి కథ ‘ధనత్రయోదశి’యా, 1910 నాటి ‘దిద్దుబాటు’యా అన్న వాదులాట గురించీ ఇదే చెప్పవచ్చు. పరుగుపందెంలో బహుమతులు పంచడం చరిత్ర కాదు.

పాత్ర అన్న మాట

‘మారుతున్న స్త్రీల పాత్రలు’ అన్న పదబంధం పాఠ్యప్రణాళికల్లో తరచు కనిపిస్తుంది. తెలుగులో పాత్ర అంటే నాటకంలో వేషం, వంటింట్లో గిన్నె, అర్హత కలిగినవాడు. మూడు అర్థాల్లోనూ ఒక సూచన ఉంది: నాటకం ఎవరో రాశారు, గిన్నెలో ఎవరో పోస్తారు, అర్హతను ఎవరో నిర్ణయిస్తారు. పాత్ర మారిందని చెప్పినప్పుడు నాటకం మారిందా, వేషమే మారిందా అన్నది తేల్చకపోతే బోధన అబద్ధమవుతుంది.

అమెరికా చరిత్రలో దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ రెండవ ప్రపంచయుద్ధకాలం. పురుషులు యుద్ధానికి పోగా కర్మాగారాల్లో, ఓడల నిర్మాణంలో స్త్రీలు పనికి కుదిరారు. 1945లో యుద్ధం ముగియగానే ఆ పనుల నుంచి పెద్దఎత్తున వారిని తప్పించారు. ఇల్లే స్వర్గమన్న ప్రచారం మళ్ళీ ఊపందుకుంది. ఆ స్వర్గంలోని ఊపిరాడని స్థితిని 1963లో బెట్టీ ఫ్రీడన్ గ్రంథం బయటపెట్టింది. 1980లో కానీ ఫీల్డ్ తీసిన డాక్యుమెంటరీ చిత్రం అప్పటి అయిదుగురు కార్మిక స్త్రీలను కూర్చోబెట్టి మాట్లాడించింది. ప్రభుత్వ ప్రచార చిత్రాల పక్కన వారి మాటలను పెట్టడంతో ఆ ప్రచారం ఎంత డొల్లదో తెలిసిపోయింది.

దాదాపు అదే కాలంలో, ఆ చిత్రంతో ఏ సంబంధమూ లేకుండా, హైదరాబాదులో మరొక పని జరుగుతున్నది. 1978లో ఏర్పడిన స్త్రీశక్తి సంఘటన సభ్యులు తెలంగాణ రైతాంగ పోరాటంలో పాల్గొన్న స్త్రీలను ఊరూరా వెతికి, వారి మాటలను టేపుల మీద రికార్డు చేసి, 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’గా ప్రచురించారు. ఆంగ్లరూపం 1989లో వచ్చింది. పోరాటం 1951 అక్టోబరులో విరమణ అయింది. అమెరికా కర్మాగారాల స్త్రీలను ఇంటికి పంపిన ఆరేళ్ళకు తెలంగాణ దళాల స్త్రీలను ఇంటికి పంపారు. తుపాకి పట్టిన చేతులకు మళ్ళీ గరిటె వచ్చింది. పోరాటకాలాన్ని అబ్బురంగా, ఆ తర్వాతి కాలాన్ని ఒక పెద్ద ఖాళీగా ఆ స్త్రీలు గుర్తుచేసుకుంటారు. పాత్ర మారడమే కాదు, వెనక్కు మారడం కూడా చరిత్రే అని రెండు దేశాల్లోని ఈ రెండు మౌఖిక చరిత్రలు వేరువేరు దారుల్లో కనిపెట్టాయి.

విమర్శ దృష్టితో చూస్తే 1986 గ్రంథపు విశిష్టత దాని భాషలో ఉంది. చెప్పినవారి మాటతీరును సంపాదకులు చాలావరకు నిలిపారు. వాక్యం మధ్యలో ఆగి వేరే సంగతిలోకి వెళ్ళడం, అడిగిన ప్రశ్నను పక్కనపెట్టి అడగని దానికి జవాబు చెప్పడం, అకస్మాత్తుగా మౌనం – ఇవన్నీ అక్షరంలో మిగిలాయి. పోరాట నిర్ణయాల గురించి అడిగితే తిండి గురించి, నెలసరి గురించి, బిడ్డల గురించి చెబుతారు. అడవిలో దళం భద్రత కోసం పసిబిడ్డను వదులుకోవలసి వచ్చిన కమలమ్మ కథనం ముందు పోరాట చరిత్రల్లోని తేదీల పట్టిక చిన్నబోతుంది. అది త్యాగమని ఇతరులు అనవచ్చు. ఆమె మాటల్లో ఆ పేరుకు లొంగనిదేదో ఉంది. లెర్నర్ మాటల్లో చెప్పాలంటే ఇది రెండవ మెట్టు దాటిన చరిత్ర. అయితే అమెరికా సిద్ధాంతం దిగుమతి కావడం వల్ల ఈ పని జరిగిందనడం సరికాదు. వెతికిన స్త్రీలలో చాలామందికి రాయడం రాదు. లిఖిత సాక్ష్యం లేనిచోట నోటి మాట తప్ప వేరే దారి లేదు. ఆ అవసరమే పద్ధతిని పుట్టించింది.

ఈ గ్రంథానికి ఒక పరిమితి లేకపోలేదు. అందులో స్త్రీ ప్రవేశానికి ద్వారం పోరాటమే. నల్లగొండ, వరంగల్ ప్రాంతాల స్త్రీలు ఆ ద్వారం గుండా చరిత్రలోకి వచ్చారు. ఆరుట్ల కమలాదేవి, మల్లు స్వరాజ్యం, చిట్యాల ఐలమ్మ అలా వచ్చినవారే. పోరాట కేంద్రానికి దూరంగా ఉన్న కృష్ణా తీరపు పాలమూరు స్త్రీకి ఆ ద్వారం లేదు. పక్కపక్కనే ఉన్న రెండు మెట్ట జిల్లాల్లో ఒకదానికి స్త్రీల చరిత్ర ఉన్నట్లు, రెండవదానికి లేనట్లు కనిపించడానికి కారణం ఇది. 2003లో గోగు శ్యామల సంపాదకత్వంలో వచ్చిన ‘నల్లపొద్దు’ దళిత స్త్రీల సాహిత్యాన్ని 1921 నుంచి ఒక చోట చేర్చి వేరొక ద్వారం తెరిచింది. ఆమే రాసిన టి.ఎన్. సదాలక్ష్మి జీవితచరిత్ర (2011) మరొక అడుగు. సదాలక్ష్మి శాసనసభ ఉపసభాపతిగా పనిచేశారన్న సమాచారంతో ఆగిపోకుండా, ఆమె మాటను ఆమె యాసలో వినిపించడం వల్ల ఆ గ్రంథం రత్నమాల పద్ధతి నుంచి తప్పించుకుంది.

ఇటీవల కోఠి మహిళా విశ్వవిద్యాలయానికి వీరనారి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. తగిన గౌరవమే. 1985లో మరణించిన ఐలమ్మ మాట 1986 గ్రంథంలో ఉంది. అందులో వినిపించేది తన కౌలు భూమినీ, చేతికొచ్చిన పంటనూ దొరకు దక్కనివ్వని రైతు గొంతు. వీరనారి అన్న బిరుదు ఆ గొంతును కొంత కప్పివేసే ప్రమాదం ఉంది. ఆమె పేరున్న చోట చదివే విద్యార్థినులు విగ్రహం చూసి ఊరుకుంటారా, పుస్తకం తెరుస్తారా అన్నది అక్కడి అధ్యాపకుల చేతిలో ఉంది.

పాలమూరుకు వచ్చిన అమెరికా స్త్రీలు, సభలకు వెళ్ళిన తెలుగు స్త్రీలు

అచ్చమాంబ రాయని మూడవ భాగం ఒక రకంగా నిజాం రాజ్యపు పల్లెల్లో నడుస్తూనే ఉంది. 19వ శతాబ్ది చివరి నుంచి అమెరికా బాప్టిస్టు, మెన్నొనైట్ బ్రదరెన్ సంఘాల వారు పాలమూరు, నల్లగొండ ప్రాంతాల్లో కేంద్రాలు తెరిచారు. వారిలో వైద్యురాలు కథరీనా షెలెన్‌బర్గ్ ఒకరు. రష్యాలో పుట్టి బాల్యంలో కాన్సస్ చేరి, అక్కడ వైద్యం చదివి, 1907లో హైదరాబాద్ సంస్థానానికి వచ్చారు. నాగర్‌కర్నూలులోనూ పనిచేశారు. 1945లో శంషాబాదులో మరణించారు. ఆమె జీవితాన్ని సేవాకథగా చెప్పడం సులువు. అమెరికా స్త్రీల చరిత్రలో భాగంగా చెబితే మరొకటి బయటపడుతుంది. స్వదేశంలోని తన సంఘంలో స్త్రీకి బోధకపదవి లేదు. వేల మైళ్ళ దూరంలో ఆస్పత్రి నడిపే అధికారం మాత్రం ఉంది. స్వదేశంలో దొరకని కార్యక్షేత్రం అమెరికా స్త్రీలు ఎందరికో విదేశీ మిషన్లలో దొరికిందని ప్యాట్రిషియా హిల్ 1985 నాటి అధ్యయనం విశదపరిచింది. ఆ కార్యక్షేత్రం పరాయి దేశపు పేదరికం మీద నిలబడినదన్న సంగతిని కూడా చెప్పకుండా ఈ పాఠం పూర్తికాదు.

దీనికి రెండవ పార్శ్వం ‘బైబిల్ స్త్రీలు’. దళిత కులాల నుంచి వచ్చి, మిషన్లలో అక్షరాలు నేర్చి, ఊరూరా తిరిగి ఇళ్ళల్లో స్త్రీలకు చదివి వినిపించి, జీతం తీసుకున్న తెలుగు స్త్రీలు వీరు. జేమ్స్ ఎలీషా తానేటి 2013లో వీరిపై గ్రంథం ప్రకటించారు. మతదృష్టిని పక్కనపెట్టి చూసినా, దళితవాడ స్త్రీ చేతిలో పుస్తకంతో ఊళ్ళోకి నడిచిరావడం తెలుగు స్త్రీల పాత్రల చరిత్రలో పెద్ద మలుపు. తెలుగు సాహిత్య చరిత్రలు స్త్రీవిద్యా ఘట్టాన్ని వీరేశలింగంతో మొదలుపెట్టి ‘సతీహితబోధిని’, ‘హిందూసుందరి’ పత్రికల మీదుగా నడిపిస్తాయి. ఆ దారిలో ఈ స్త్రీలు ఎదురుపడరు.

ఎదురుపడేవారు ఆంధ్ర మహిళాసభల స్త్రీలు. నిజామాంధ్ర మహాసభలతో పాటు మహిళాసభలు జరగడం 1930లో జోగిపేటలో మొదలైంది. నడింపల్లి సుందరమ్మ అధ్యక్షత వహించారు. 1931లో నల్లగొండ జిల్లా దేవరకొండలో టి. వరలక్ష్మమ్మ, 1936లో పాలమూరు జిల్లా షాద్‌నగర్‌లో బూర్గుల అనంతలక్ష్మీదేవి అధ్యక్షులు. బాలికల విద్య, బాల్యవివాహ నిషేధం వంటివి అక్కడి చర్చాంశాలు. విద్య అంటే ఏ భాషలో అన్నది హైదరాబాద్ రాజ్యంలో అదనపు చిక్కు. 1928లో మాడపాటి హనుమంతరావు ప్రభృతులు నెలకొల్పిన ఆంధ్ర బాలికోన్నత పాఠశాల తెలుగు మాధ్యమంలో నడిచినందువల్ల ఉర్దూ మాధ్యమపు ఉస్మానియా గుర్తింపు దొరకక, పూనాలోని కర్వే మహిళా విశ్వవిద్యాలయంతో అనుబంధం పొందింది. కర్వేకు ప్రేరణ జపాన్ మహిళా విశ్వవిద్యాలయం. ఆధునిక స్త్రీవిద్య పడమటి నుంచే వచ్చిందని చెప్పే పాఠాలకు ఈ ఒక్క పాఠశాల చరిత్ర చిన్న సవరణ.

సురవరం ప్రతాపరెడ్డి ప్రస్తావన లేకుండా పాలమూరు చర్చ సాగదు. ‘గోలకొండ కవుల సంచిక’ (1934) సంస్థానంలో తెలుగు కవులే లేరన్న నిందకు 354 మంది కవులతో ఇచ్చిన జవాబు. అచ్చమాంబ వాదపద్ధతే ఇది. అక్కడ స్త్రీలు, ఇక్కడ తెలంగాణ కవులు. ఆయనే 1949లో ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లో పట్టిక పద్ధతిని విడిచి, తిండి, బట్ట, ఆట, నగ, నమ్మకం చరిత్ర వస్తువులని నిరూపించారు. రాజుల వంశావళి కంటె జనుల జీవనం చరిత్ర అన్న ఆ దృష్టి స్త్రీల చరిత్రకు కావలసిన పునాది. ఇల్లూ వాకిలీ చరిత్ర పరిధిలోకి వచ్చాక స్త్రీ తప్పక రావాలి. వచ్చింది కూడా, కానీ ఎక్కువగా కావ్యాల్లో వర్ణితమైన స్త్రీగా. ఆధారం కావ్యమైనప్పుడు కనిపించేది కవి చూసిన స్త్రీ మాత్రమే. ఆధారాన్ని మార్చకుండా దృష్టిని ఎంత మార్చినా కొంత దూరమే వెళ్ళగలమని ఆ మహాగ్రంథం చూపుతున్నది.

మక్తల్ తరగతి

మక్తల్ ఇప్పుడు నారాయణపేట జిల్లాలో ఉంది. రాయచూరు దారి. కృష్ణ, భీమ కలిసే చోటు ఎంతో దూరం లేదు. అయినా ఇది కరువుకూ వలసకూ పేరుపడిన నేల. తెలుగు, కన్నడ, ఉర్దూ మూడూ వీధిలో వినిపిస్తాయి. అక్షరాస్యత రాష్ట్రంలో అతి తక్కువగా నమోదైన ప్రాంతాల్లో ఇది ఒకటని 2011 జనగణన చెబుతున్నది. స్త్రీలలో చదవను రాయను వచ్చినవారు సగానికి తక్కువ. ఇటువంటి చోట డిగ్రీ తెలుగు తరగతిలో కూర్చున్న విద్యార్థిని చాలాసార్లు తన ఇంట్లో చదువుకున్న మొదటి స్త్రీ. స్త్రీల చరిత్ర పాఠంలో ఆమెకు అచ్చమాంబ, ఐలమ్మ, బెట్టీ ఫ్రీడన్ అందరూ ఒకే దూరంలో ఉంటారు. తల్లి మాత్రం పాఠంలో ఎక్కడా ఉండదు.

ఆ తల్లి గుంపులో పనికి పోయి ఉండవచ్చు. పాలమూరు కూలీల వలస వ్యవస్థలో గుంపు మేస్త్రీ ముందుగా డబ్బు ఇచ్చి, మనుషులను కూడగట్టి, ఆనకట్టలకూ కాలువలకూ రోడ్లకూ భవనాలకూ తీసుకుపోతాడు. బొంబాయి, పూణె, బెంగుళూరు అందులోని మజిలీలు. ఇంటికి ముసలివారు, పిల్లలు కాపలా. ఈ వలస మీద పాట ఉంది, కథ ఉంది, కవిత ఉంది. తెలంగాణ సాహిత్యంలో పాలమూరు గోస ఒక స్థాయీభావం అయింది. ఆ సాహిత్యంలో స్త్రీ ఎక్కువగా చంకన బిడ్డతో, నెత్తిన తట్టతో, కన్నీటితో నిలబడిన బొమ్మ. కరుణ పుట్టించడానికి ఆ బొమ్మ చాలు. చరిత్రకు చాలదు. మేస్త్రీ దగ్గర తీసుకున్న ముందు డబ్బు లెక్క ఎవరు పెట్టుకున్నారు? పరాయి ఊరిలో ఏ భాష ముందు నేర్చింది ఎవరు? కూలి భర్త చేతికి వచ్చిందా, ఆమె చేతికా? తిరిగి వచ్చాక ఊళ్ళో ఆమె మాటకు విలువ పెరిగిందా, తగ్గిందా? అమెరికా స్త్రీల చరిత్రలో యుద్ధకాలపు కార్మిక స్త్రీని గూర్చి అడిగిన ప్రశ్నలు ఇవే. తేడా ఒక్కటి. అక్కడ కొన్నేళ్ళ యుద్ధం; ఇక్కడ తరాల తరబడి కరువు.

జోగిని ఆచారం విషయంలో బోధన మరింత కష్టం. పాలమూరులో దళిత బాలికలను దేవతకు అంకితమిచ్చే ఈ ఆచారాన్ని 1988 నాటి రాష్ట్ర చట్టం నిషేధించింది. పాఠ్యగ్రంథం దీన్ని దురాచారాల పట్టికలో చేర్చి, చట్టం తేదీతో ముగిస్తుంది. తరగతిలో అదే ఆచారానికి గురైన ఇంటి బిడ్డ కూర్చుని ఉండవచ్చునన్న స్పృహ ఆ పట్టికలో లేదు. అధ్యాపకుడు కథ చెప్పమని అడగకూడని సందర్భాలుంటాయి. మౌఖిక చరిత్ర పద్ధతిని ఆదర్శంగా తీసుకున్నంత మాత్రాన అందరినీ మాట్లాడించే హక్కు రాదు. 1986 గ్రంథ సంపాదకులు అడిగేవారికీ చెప్పేవారికీ మధ్య ఉన్న దూరాన్ని దాచుకోకుండా చర్చించారు. తెలుగు పరిశోధకులు ఆ చర్చను తగినంతగా పట్టించుకోలేదు. జానపద గేయాల సేకరణలో పాట మిగిలి, పాడినామె పేరు పోవడం మనకు పాత అలవాటు.

కాబట్టి మక్తల్ వంటి చోట పాఠం ప్రశ్నలతో మొదలుకావాలి. వాటి స్వరూపమే ఫలితాన్ని నిర్ణయిస్తుంది. ‘మీరు జీవితంలో ఏమి సాధించారు’ అని తల్లినో అమ్మమ్మనో అడిగితే, ఏముంది బిడ్డా అన్న జవాబే వస్తుంది. ఆ ప్రశ్న రత్నమాల ప్రశ్న. పెండ్లయినంక ఎన్ని ఊళ్ళల్ల పొయ్యి పెట్టినవు, ఏ ఊళ్ళ నీళ్ళు ఎంత దూరం, కట్టెలు ఎక్కడివి, అక్కడి అంగడామెతో ఏ భాషల మాట్లాడినవు అని అడిగితే జవాబు ఆగదు. పొయ్యి పెట్టిన ఊళ్ళ వరుస ఒక జీవితచరిత్ర. అటువంటి ఇరవై వరుసలను పక్కపక్కన పెడితే ఏ ఏడు ఏ పనికి ఎవరు ఎటు పోయారో కనిపిస్తుంది. నాగార్జునసాగర్ నుంచి నగరాల భవనాల దాకా ఎవరి చేతులు కట్టాయో తెలుస్తుంది. ఆ జవాబులు తెలుగులో వస్తాయి, కన్నడంలో వస్తాయి, రెండూ కలిసి వస్తాయి. వాటిని ప్రామాణిక భాషలోకి దిద్దకుండా రాసుకోవాలి. పేరు రాయాలా వద్దా అన్నది చెప్పినామె నిర్ణయం. రాసిన ప్రతి ఒకటి ఆమె ఇంటికి చేరాలి, ఆమె చదవలేకపోతే కూతురు చదివి వినిపించాలి. విన్నాక ఆమె కొట్టివేయమన్న వాక్యం కొట్టివేయాలి.